అవసరానికి అమ్ముకోవాల్సిన పరిస్థితి రాకుండా ఆస్తి కొనడం ఎలా

ఇద్దరు అడిగిన ప్రశ్నలకు కలిపి ఒకే సమాధానం రాస్తున్నాను, ఎందుకంటే రెండింటి అడుగున ఉన్న విషయం ఒకటే. మొదటివారు ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది, ఒక ఫ్లాట్ ధరలో 20 శాతం దాకా కూడబెట్టుకున్నారు, మిగతా 80 శాతం లోన్ తీసుకుని కొని అద్దెకివ్వొచ్చా అంటున్నారు. రెండోవారికి ఇప్పటికే నాలుగు ఆస్తులున్నాయి, వాటిలో రెండింటిని తాకట్టు పెట్టి, ఒక స్నేహితుడితో కలిసి ఆఫీసు భవనంలో సగం వాటా కొనాలనుకుంటున్నారు. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కొన్నాను, అమ్మాను, అద్దెకిచ్చాను, రెండుసార్లు గట్టి దెబ్బ తిన్నాను.

ఇన్నేళ్లలో నా కళ్లముందు నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది చెడ్డ ఆస్తి కొన్నవాళ్లు కారు. మంచిదే కొన్నారు. కానీ ధర పడి ఉన్న సమయంలోనే చేతిలో డబ్బు అయిపోయి, అదే నెలలో అమ్మక తప్పని స్థితికి వచ్చారు. షేర్లయితే పొద్దున అమ్మాలనుకుంటే మధ్యాహ్నానికి అమ్మేయొచ్చు. ఇల్లు అలా కాదు, మంచి రోజుల్లోనే రెండు మూడు నెలలు పడుతుంది, చెడ్డ రోజుల్లో ఏడాదైనా ఎవరూ రారు, వచ్చినవాళ్లకి మీ తొందర తెలిసిపోతుంది. అందుకే కొనేముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న ఇది: దీన్ని మూడేళ్లపాటు ఏ పరిస్థితిలోనూ అమ్మకుండా ఉంచుకోగలనా?

నా మొదటి దెబ్బ గురించి చెప్తాను. పని మొదలుపెట్టిన ఏడో ఏడు, ఒక షాపు కొన్నాను. అద్దెకున్నాయన మంచి వ్యాపారం చేస్తున్నాడు, అద్దె టంచనుగా వస్తోంది, లోన్ కిస్తీకి సరిగ్గా సరిపోతోంది. ఏడాది తిరక్కుండానే ఆయన వ్యాపారం ఇంకోచోటికి మార్చుకున్నాడు. ఆ షాపు 14 నెలలు ఖాళీగా ఉంది. షాపు ఖాళీ అయితే ఇల్లు ఖాళీ అయినట్టు కాదు, ఇంటికి వారం పది రోజుల్లో ఎవరో ఒకరు వస్తారు, షాపుకి సరిపోయే వ్యాపారం రావాలి. నా దగ్గర నిల్వ నాలుగు నెలల కిస్తీలకి సరిపడా ఉంది, అంతే. తొమ్మిదో నెలలో నేను అంతకుముందు కొన్న చిన్న ఇంటిని, ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా అద్దె తెచ్చిన ఇంటిని, వచ్చిన ధరకి అమ్మేశాను. కష్టంలో ఉన్నప్పుడు ముందు అమ్ముడుపోయేది మన దగ్గరున్న మంచి ఆస్తే, ఎందుకంటే చెడ్డదాన్ని ఎవరూ అడగరు. షాపుని కాపాడుకోవడానికి ఇంటిని పోగొట్టుకున్నాను. ఆ ఇల్లు ఇప్పటికీ అప్పుడప్పుడు దారిలో కనిపిస్తుంది, కనిపించినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

ఇది చిన్నవాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. లండన్‌లో కానరీ వార్ఫ్ అనే పెద్ద ఆఫీసుల ప్రాంతం ఉంది కదా, పాత రేవుల స్థలంలో కట్టింది. దాన్ని కట్టింది కెనడాకి చెందిన రైక్‌మన్ కుటుంబపు కంపెనీ, ఒలింపియా అండ్ యార్క్. అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద ఆస్తి డెవలపర్లలో ఒకటి. ప్రధాన టవర్ 1991లో పూర్తయ్యేసరికి మార్కెట్ చల్లబడింది, ఆఫీసులు నిండలేదు, అక్కడికి రావాల్సిన మెట్రో లైను ఇంకా రాలేదు, అప్పుల గడువులు మాత్రం తన్నుకొచ్చాయి. 1992లో కంపెనీ దివాలా రక్షణ కోరింది. మెట్రో లైను 1999లో వచ్చింది. ఆ తర్వాత కానరీ వార్ఫ్ లండన్‌కి రెండో ఆర్థిక కేంద్రంగా మారింది. అంటే స్థలం గురించి వాళ్ల అంచనా తప్పు కాదు, అది నిజమయ్యేదాకా నిలబడే శక్తి లేకపోయింది, అంతే. పాల్ రైక్‌మన్ 1995లో వేరే పెట్టుబడిదారులతో కలిసి దాన్ని తిరిగి కొన్నాడు కూడా. అంత నమ్మకం ఉన్న మనిషి, అంత అనుభవం ఉన్న మనిషి కూడా అప్పు గడువు దగ్గర ఆగిపోయాడు.

సరే, లెక్కల్లోకి వద్దాం. మొదట అడిగినవారు దయచేసి కాగితం పెన్ను పట్టుకుని నాతోపాటు వేయండి.

ఆస్తి ధర 100 అనుకోండి. ఏ దేశపు డబ్బయినా సరే, వంద భాగాలు. రిజిస్ట్రేషన్, పన్నులు, బ్రోకర్, లాయర్ కలిపి ఒక 7, అద్దెకిచ్చేలా బాగుచేయడానికి 3. మీ అసలు ఖర్చు 110. ఏడాది అద్దె 5 వస్తుందని అమ్మేవాడు చెప్తాడు, "5 శాతం రాబడి" అంటాడు. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే 0.4 పోయింది. రిపేర్లు, రంగులు, మోటార్లు, పైపులకి సగటున 0.6. ఆస్తి పన్ను, బీమా, మెయింటెనెన్స్‌కి 0.4. చూసుకునే మనిషికో ఏజెంటుకో 0.3. మిగిలింది 3.3. దాన్ని 110తో భాగిస్తే 3 శాతం. ప్రకటనలో 5, చేతికి 3. ఈ అంకెలు ఊరిని బట్టి, దేశాన్ని బట్టి మారతాయి, కానీ స్థూల అద్దెకీ నికర అద్దెకీ మధ్య ఇంత తేడా ఉండటం మామూలే. అమ్మేవాళ్లు ఎప్పుడూ మొదటిదే చెప్తారు. రెండోది మీరే వేసుకోవాలి.

ఇప్పుడు లోన్. 80 అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఏడాది కిస్తీలు 8.6 దాకా వస్తాయి. నికర అద్దె 3.3. అంటే ప్రతి సంవత్సరం 5.3 మీ జేబులోంచి వేయాలి. ఇది తప్పని నేను అనను, చాలామంది తెలిసే చేస్తారు, ధర పెరుగుతుందన్న నమ్మకంతో. కానీ "అద్దెతోనే కిస్తీ వెళ్లిపోతుంది" అని ఎవరైనా మీకు చెప్పి ఉంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. వడ్డీ చాలా తక్కువ ఉన్న చోట, అద్దెలు ఎక్కువ ఉన్న చోట అది నిజం కావచ్చు. మీ చోట నిజమా కాదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

కిస్తీ గురించి ఇంకో సంగతి, దీన్ని బ్యాంకులో ఎవరూ నోరు విప్పి చెప్పరు. 9 శాతానికి 20 ఏళ్లకి లక్ష అప్పు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 900. మొదటి నెలలో అందులో 750 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 150. ఐదేళ్లు ఒక్కటీ తప్పకుండా కట్టాక మీరు 54 వేలు కట్టి ఉంటారు, బాకీ ఇంకా 88,700 ఉంటుంది. అందుకే కొన్న మూడో ఏడో నాలుగో ఏడో అమ్మాల్సి వస్తే చేతికి ఏమీ రావట్లేదేంటని ఆశ్చర్యపోతారు. ఇంకొకటి. మారే వడ్డీ లోన్‌లో రేటు 9 నుంచి 11కి వెళ్తే చాలా బ్యాంకులు కిస్తీ పెంచకుండా గడువు పెంచుతాం అంటాయి, మనకీ హాయిగానే అనిపిస్తుంది. కానీ అదే లక్ష మీద 11 శాతానికి నెల వడ్డీయే 917. మీరు కట్టేది 900. అంటే మొదట్లోనే రేటు అలా పెరిగితే పాత కిస్తీతో ఆ అప్పు ఎప్పటికీ తీరదు, నెల నెలా పెరుగుతుంది. కాబట్టి రేటు పెరిగినప్పుడు గడువు ఎన్ని నెలలకి చేరిందో రాతపూర్వకంగా అడగండి, వీలైతే కిస్తీ పెంచుకోండి, లేదా చేతిలో ఉన్నంత అసలు కట్టేయండి.

అప్పుకి ఇంకో వైపు కూడా ఉంది. కొనడానికైన ఆ 10 ఖర్చు పక్కన పెట్టి చూస్తే, 100 ఆస్తిలో మీ సొంత డబ్బు 20 అయితే, ధర 10 శాతం పెరిగితే మీ డబ్బు మీద 50 శాతం లాభం. దీన్ని అందరూ చెప్తారు. 10 శాతం పడితే మీ డబ్బులో సగం పోయినట్టు, 20 పడితే మొత్తం. ఇళ్ల ధరలు పడవు అనే మాట నేను ఇప్పటికీ వింటుంటాను. అమెరికాలో కేస్-షిల్లర్ సూచీ ప్రకారం ఇళ్ల ధరలు 2006లో శిఖరానికి వెళ్లి, 2012 మొదటికల్లా దేశం మొత్తం మీద సగటున సుమారు 27 శాతం పడ్డాయి. మళ్లీ పాత శిఖరం దాటడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ కిస్తీ కట్టుకుంటూ ఉండగలిగినవాళ్లు ఇల్లు నిలబెట్టుకున్నారు. మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ, తర్వాత ఒక్కసారిగా పెరిగే లోన్లు తీసుకున్నవాళ్లు చాలామంది మధ్యలోనే పోగొట్టుకున్నారు. ఒకే వీధిలో, ఒకే ధరకి, ఒకేలాంటి ఇళ్లు కొన్నా సరే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. పట్టుకుని కూర్చుంటే చాలు, ఎప్పటికైనా పెరుగుతుంది అని నేను అనట్లేదు. జపాన్‌లో 1980ల చివర భూముల ధరలు ఆకాశానికి వెళ్లాయి, 1990ల మొదట్లో బుడగ పగిలాక దాదాపు పదిహేనేళ్లు ఏటా పడుతూనే వచ్చాయి. శిఖరంలో కొన్నవాడు ఎంత ఓపికగా కూర్చున్నా ఓపిక అతన్ని కాపాడలేదు. అక్కడ తప్పు కొన్న ధరలోనే ఉంది, ఆ భూమి మీద వచ్చే అద్దెతో ఆ ధరకి ఏ సంబంధమూ లేకుండా పోయింది. అందుకే నేను ధర ఎక్కువా తక్కువా అని తేల్చుకోవడానికి పక్కవాడు ఎంతకి కొన్నాడో ఒక్కటే చూడను, నికర అద్దెతో పోలుస్తాను. ఆ చుట్టుపక్కల ఐదేళ్లలో ధరలు రెట్టింపై, అద్దెలు అలాగే ఉంటే, అక్కడ నివసించేవాళ్ల సంపాదన పెరగలేదని అర్థం. కొనేవాళ్ల ఆశ ఒక్కటే పెరిగింది.

ఖాళీ స్థలాలు కొనేవాళ్లకి ఇదే మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. స్థలం అద్దె ఇవ్వదు. "పదేళ్లలో రెట్టింపైంది" అని గర్వంగా చెప్పుకుంటాం. 72ని సంవత్సరాలతో భాగించే పాత చిట్కా వాడండి, 72 బై 10, ఏడాదికి 7.2 శాతం. 100కి కొన్నది 200 అయిందనుకోండి, కొన్నప్పుడు 7, అమ్మేటప్పుడు 3 ఖర్చు తీసేస్తే 107 పెట్టి 197 వచ్చినట్టు, అది ఏడాదికి 6.3 శాతం. పన్ను ఇంకా లెక్కలోకి రాలేదు, కంచె, కాపలా, ఏటా పన్నులూ రాలేదు. అప్పు చేసి స్థలం కొనడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను, వెంటనే ఇల్లు కట్టుకునేవాళ్లకి తప్ప.

మరి నిల్వ ఎంత ఉండాలి? కొత్తవాళ్లకి నేను చెప్పేది కనీసం ఆరు నెలల కిస్తీలు, దాంతోపాటు ఒక పెద్ద రిపేరుకి సరిపడా డబ్బు. ఇది మీ ఇంటి ఖర్చులకి దాచుకునే డబ్బు కాదు, విడిగా ఉండాలి. షాపులు, ఆఫీసులు అయితే ఏడాది కిస్తీలు. ఆ తర్వాత ఈ పరీక్ష చేయండి: ఏడాదిలో ఆరు నెలలు ఖాళీ, వడ్డీ 2 శాతం పెరిగింది, ఉద్యోగంలో జీతం మూడు నెలలు ఆగింది, అమ్మడానికి పెడితే ఏడాది పడుతుంది. నాలుగూ ఒకేసారి. చాలామంది ఒక్కోటి విడిగా వేసుకుని ఫర్వాలేదు అనుకుంటారు, కానీ ఇవి విడిగా రావు, మాంద్యం వచ్చినప్పుడు అద్దెదారుల ఉద్యోగాలూ మీ ఉద్యోగమూ కొనేవాళ్ల ఉద్యోగాలూ ఒకే కాలంలో ఊగుతాయి. పై లెక్కలో ఏడాదికి జేబులోంచి 5.3 వేస్తున్నవారు, ఆరు నెలలు ఖాళీగా ఉండి వడ్డీ 11 అయితే 8.7 వేయాల్సి వస్తుంది. ఆ 8.7 ఎక్కడి నుంచి వస్తుందో మీ దగ్గర జవాబు ఉంటే కొనండి. లేకపోతే ధర తక్కువ ఉన్నది చూడండి, లేదా ఇంకొన్నేళ్లు కూడబెట్టి 35, 40 శాతం సొంత డబ్బుతో రండి. ఆలోపు ధరలు పెరిగిపోతాయేమో అని టెన్షన్ పడతారని తెలుసు. పెరగొచ్చు. అయినా సరే.

అద్దెదారుల గురించి ఒక్క మాట. ఒక నెల ఖాళీ అంటే ఏడాది అద్దెలో 8.3 శాతం. నెలకి 100 ఇచ్చే మంచి కుటుంబాన్ని 105 అడిగి పంపించేస్తే, ఏడాదికి 60 కోసం ఒక నెల 100 పోగొట్టుకున్నట్టు, మళ్లీ రంగులు, మళ్లీ బ్రోకర్. నా ఇళ్లలో అద్దె చుట్టుపక్కల కంటే కాస్త తక్కువే ఉంటుంది, మనుషులు ఆరేసి ఏళ్లు ఉంటారు, కుళాయి పాడైందని ఫోన్ వస్తే రెండు రోజుల్లో మనిషిని పంపిస్తాను. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు వాళ్ల పాత ఇంటి యజమానితో మాట్లాడండి, ఇప్పుడుంటున్న ఇంటి యజమానితో కాదు. ఇప్పుడున్నాయన వాళ్లని వదిలించుకోవాలనుకుంటే మంచిగానే చెప్తాడు.

ఇక కాగితాలు. ఎంత రాసినా తక్కువే అనిపించే విషయం ఇది.

1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ అనే ఆయన ఒక చట్టం తెచ్చాడు, ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, ఆ హక్కుకి ప్రభుత్వమే పూచీ. అంతకుముందు ప్రతి అమ్మకానికీ వెనక్కి దశాబ్దాల దస్తావేజులు తవ్వుకోవాల్సి వచ్చేది, ఒక్క లింకు తెగినా యజమాని మారిపోయేవాడు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది, కానీ అన్ని చోట్లకీ కాదు. మీరు కొనే చోట రిజిస్టర్‌లో పేరు ఉంటే హక్కు ఉన్నట్టేనా, లేక రిజిస్ట్రేషన్ అంటే ఈ కాగితం ఫలానా రోజు దాఖలైంది అని మాత్రమేనా, ముందు ఇది తెలుసుకోండి. రెండో రకం అయితే పత్రం మీద ముద్ర చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారినప్పటి పాత దస్తావేజులు, వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా, కనీసం ముప్పై ఏళ్ల వెనక్కి చూడాలి. ఎక్కడెక్కడ ఎవరు చనిపోయారో చూడాలి, ఎందుకంటే గొడవలు పుట్టేది అక్కడే. తండ్రి పోయాక ఒక్క కొడుకు అమ్మేస్తే, మిగతా వారసులు పదేళ్ల తర్వాత వచ్చి అడగొచ్చు. అమ్మేది యజమాని కాక ఆయన పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకున్న మనిషైతే, అసలు యజమానితో నేరుగా మాట్లాడకుండా ఒక్క రూపాయి కాదు, ఒక్క పైసా ఇవ్వకండి. ఆయన బతికే ఉన్నాడా, ఆ పవర్ రద్దు చేశాడా అన్నది ఆ మనిషి మీకు చెప్పడు.

లాయర్ మీ లాయరై ఉండాలి. అమ్మేవాళ్లు చూపించే లాయర్ వద్దు, బ్రోకర్ చూపించే లాయరూ వద్దు. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి కాగితాలు సరిగ్గానే ఉంటాయి అనే నమ్మకం కూడా సరిపోదు, బ్యాంకు చూసుకునేది దాని డబ్బు వెనక్కి వస్తుందా అని, అందుకు మీ జీతం కూడా ఉంది కదా.

నా రెండో దెబ్బ ఇక్కడే. ఒక స్థలం కొన్నాను, దస్తావేజులు అద్దంలా ఉన్నాయి, కొలతలు సరిపోయాయి, తాకట్టు లేదు. లోపలికి వెళ్లే దారి మాత్రం పక్కవాళ్ల పొలంలోంచి ఉంది. ఎన్నో ఏళ్లుగా అందరూ అలాగే నడుస్తున్నారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కాయన చనిపోయాడు, పిల్లలు కంచె వేశారు. దారి హక్కు ఏ కాగితంలోనూ లేదు. నాలుగేళ్లు తిరిగి, చివరికి ఆ దారి మేరకు భూమిని వాళ్లు చెప్పిన ధరకి కొన్నాను, నా స్థలం ధరలో మూడో వంతు దానికే అయింది. అప్పటినుంచి ఏ స్థలం చూసినా ముందు చూసేది దారి: ప్రభుత్వ రోడ్డు దాకా ప్రతి అడుగూ ఎవరిది, కాగితంలో రాసుందా. నీళ్లు, మురుగు, కరెంటు లైను కూడా అలాగే, పక్కవాళ్ల దయ మీద ఆధారపడి ఉంటే అది మీది కాదు.

చూడటానికి వెళ్లేది ఒక్కసారి కాదు. వానలో ఒకసారి, రాత్రి ఒకసారి, పనిరోజు పొద్దున ఒకసారి వెళ్లండి. గోడలో ఒక్క మూలకి మాత్రం కొత్తగా రంగు వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. ఇప్పటికే అద్దెదారులు ఉన్న ఆస్తి అయితే యజమాని లేనప్పుడు వాళ్లతో మాట్లాడండి, అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ఎప్పటినుంచి ఉంటున్నారు. అమ్మకానికి పెట్టే ముందు తెలిసినవాళ్లని ఎక్కువ అద్దె రాయించి కూర్చోబెట్టడం పాత ఎత్తే, రిజిస్ట్రేషన్ అయిన రెండు నెలలకి వాళ్లు ఖాళీ చేస్తారు. పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అద్దె పడినట్టు కనిపిస్తేనే ఆ అద్దెని నమ్మండి.

కట్టబోయే ఫ్లాట్లు తక్కువ ధరకి వస్తాయి, నిజమే. ఆ తగ్గింపు మీకు ఊరికే ఇవ్వట్లేదు, బిల్డర్ పూర్తిచేయలేకపోయే ప్రమాదం మీరు మోస్తున్నందుకు ఇస్తున్నాడు. చైనాలో ఎవర్‌గ్రాండ్ అనే భారీ సంస్థ 2021లో అప్పులు కట్టలేక కూలింది, 2022లో ఆ దేశంలో చాలా నగరాల్లో పూర్తికాని ఇళ్లకి కిస్తీలు కట్టం అని కొనుగోలుదారులు సామూహికంగా ఆపేశారు. ఇల్లు లేదు, అప్పు ఉంది, ఉంటున్న ఇంటికి అద్దె ఉంది. కొత్తవాళ్లు మొదటి ఆస్తిగా పూర్తయినదే కొనండి.

ఇప్పుడు నాలుగు ఆస్తులున్నవారి ప్రశ్న. అనుభవం ఉన్నవాళ్లకి కాగితాలు, అద్దెలు నేను చెప్పక్కర్లేదు. మనకి వచ్చే ప్రమాదం వేరు, ఒక్కో ఆస్తీ విడిగా బాగానే ఉంటుంది, వాటిని అప్పు కలిపి ముడేస్తుంది. రెండు పాత ఇళ్లు తాకట్టు పెట్టి ఐదోది కొంటే, ఆఫీసు భవనం ఖాళీ అయితే పోయేది ఆఫీసు వాటా ఒక్కటే కాదు. నాకు షాపు విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. అప్పు తీసుకోక తప్పకపోతే, కొనే ఆస్తి మీదే తీసుకోండి, పాతవాటిలో కనీసం ఒక్కదాన్ని, మీ కుటుంబం ఉండే ఇంటిని తప్పనిసరిగా, ఏ తాకట్టులోనూ లేకుండా ఉంచండి. వ్యక్తిగత హామీ సంతకం అడుగుతున్నారా అన్నది ముందే చూడండి, ఆ సంతకం పెడితే తాకట్టులో లేని ఆస్తి మీదికి కూడా వాళ్లు రాగలరు.

వాణిజ్య భవనాల లోన్లలో బ్యాంకులు నికర అద్దెని ఏడాది కిస్తీలతో భాగించి చూస్తాయి, సాధారణంగా 1.2 కంటే పైన కావాలంటాయి. మీరు మీ కోసం ఆ లెక్క పెద్ద అద్దెదారు ఖాళీ చేశాడనుకుని వేయండి. భవనంలో సగం ఒకే కంపెనీ చేతిలో ఉంటే, ఆ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, మధ్యలో వదిలేసే హక్కు వాళ్లకి ఉందో లేదో అన్నదే ఆ భవనం అసలు విలువ. ఇంకా, చాలా వాణిజ్య లోన్లు ఐదారేళ్లకి మొత్తం బాకీ ఒకేసారి కట్టమంటాయి, అప్పుడు కొత్త లోన్ తెచ్చుకోవాలి. ఆ రోజు వడ్డీ ఎంతుంటుందో, భవనం విలువ బ్యాంకు ఎంత కడుతుందో మన చేతిలో ఉండదు. లోన్ ముగిసే తేదీ, పెద్ద అద్దెదారు ఒప్పందం ముగిసే తేదీ ఒకే ఏడాదిలో పడితే నేనైతే ఆ భవనం జోలికి వెళ్లను.

స్నేహితుడితో వాటా అన్నారు. స్నేహం గట్టిది కాబట్టి రాసుకోవడానికి మొహమాటం అనిపిస్తుంది, కానీ ఒకరికి డబ్బు అవసరం వచ్చి ఇంకొకరికి రానప్పుడు ఏం చేయాలో ఇప్పుడు రాసుకోకపోతే అప్పుడు మాట్లాడుకోవడం చాలా కష్టం. ఒకరు అమ్మాలంటే రెండోవాడికి ముందు అవకాశం ఇవ్వాలా, ధర ఎవరు కడతారు, ఎన్ని నెలల్లో డబ్బు ఇవ్వాలి, రిపేరుకి డబ్బు వేయమంటే ఒకరు వేయకపోతే వాటా తగ్గుతుందా, ఒకరు చనిపోతే వారసులతో ఎలా. ఈ ఐదింటికీ జవాబులు రాసి సంతకాలు పెట్టుకోండి. అన్నదమ్ముల మధ్య అయినా అంతే.

ఇంకో పని చేయండి. మీ నాలుగు ఆస్తుల్లో ప్రతిదానికీ ఈరోజు ధర మీద నికర అద్దె ఎంత శాతమో రాయండి. చాలామంది కొన్న ధర మీద లెక్కేసుకుంటారు. 30కి కొన్న ఇల్లు ఈరోజు 120 ఉండి నికర అద్దె 3 వస్తే, 10 శాతం వస్తోందని సంతోషిస్తాం, నిజానికి ఆ 120 మీద వస్తున్నది 2.5. అమ్మేయమని కాదు, అమ్మితే పన్నులు, ఖర్చులు ఉంటాయి, అవన్నీ పోను మిగిలేది చూసుకోవాలి, అది మీ దేశపు చట్టం తెలిసిన అకౌంటెంట్‌తో కూర్చుని తేల్చుకోవాల్సింది. కానీ నాలుగింటిలో బలహీనమైనది ఏదో మీకు తెలుస్తుంది, మార్కెట్ బాగున్నప్పుడు తీరిగ్గా దాన్ని అమ్మి ఐదోదాంట్లో పెడితే, ఏదీ తాకట్టు పెట్టక్కర్లేదేమో. తొందర లేనప్పుడు అమ్మినవాడికే మంచి ధర వస్తుంది.

వాణిజ్య భవనాల్లో భాగం కావాలి, ఇంత భారం వద్దు అనుకునేవాళ్లకి రీట్‌లు ఉన్నాయి, అంటే చాలామంది డబ్బుతో భవనాలు కొని అద్దెకిచ్చే సంస్థల వాటాలు. 1960లో అమెరికాలో చట్టం చేసి మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా దేశాల స్టాక్ మార్కెట్లలో దొరుకుతాయి, భవనాల అద్దెలో ఎక్కువ భాగం వాటాదారులకి పంచాలి. షేర్‌లాగే ధర ఊగుతుంది, కానీ అవసరం వస్తే కొంత ముక్క అమ్ముకోవచ్చు. ఇంట్లో ఒక గది అమ్ముకోలేం కదా.

మొదట అడిగినవారికి మళ్లీ: ఫ్లాట్ చూసి పెట్టానన్నారు, టోకెన్ (కొంటానని ముందుగా ఇచ్చే అడ్వాన్స్) ఈ వారంలో ఇవ్వమంటున్నారన్నారు. ఇవ్వకండి. ముందు లింకు డాక్యుమెంట్ల నకళ్లు తీసుకుని మీ లాయర్‌కి ఇవ్వండి, ఆయనకి పది రోజులు పడుతుంది. ఆ పది రోజుల్లో పై లెక్క మీ అసలు అంకెలతో వేయండి, రెండుసార్లు వెళ్లి చూడండి, పై అంతస్తువాళ్లతో నీళ్ల గురించి మాట్లాడండి. టోకెన్ ఇచ్చేటప్పుడు, హక్కుల్లో లోపం బయటపడినా లోన్ రాకపోయినా డబ్బు ఇన్ని రోజుల్లో వెనక్కి ఇస్తాం అని ఒక లైను రాయించుకోండి. రాయనంటే ఇంకో ఫ్లాట్ చూడండి. జేబులోంచి ఏడాదికి వేయాల్సింది ఎంత తేలిందో, నిల్వ ఎన్ని నెలలకి వస్తోందో లెక్క వేశాక చెప్పండి, కలిపి చూద్దాం.